గుడ్డు కోసం కోడి: గూడు ముందు, పిల్లలు తర్వాత

"మాస్టర్‌సాబ్, ఒక పేద ఇంటికి పది కోడిపిల్లలు కొనిస్తే చాలు కదా, ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో పిల్లలకు గుడ్లకు కొదవ ఉండదు" అని దాతలు కొందరు అడుగుతుంటారు. ఆలోచన మంచిదే. అయితే కోడిపిల్ల కుట్టుమిషను వంటిది కాదు. కుట్టుమిషను ఇచ్చిన మర్నాటి నుంచే పని మొదలవుతుంది. ఒక రోజు వయసు కోడిపిల్ల తొలి గుడ్డు పెట్టడానికి ఐదు నెలల పైనే పడుతుంది. ఆ ఐదు నెలలూ దానికి మేత కావాలి, మొదటి నెలలో వెచ్చదనం కావాలి, రాత్రిపూట పిల్లి నుంచి, పందికొక్కు నుంచి కాపు కావాలి. ఇవేవీ లేకుండా పిల్లలను మాత్రమే ఇస్తే పదిలో రెండో మూడో మిగులుతాయి. మిగిలినవి కూడా మూడో నెలలో చుట్టాలొచ్చిన రోజు కూరైపోతాయి. అందుకు ఆ ఇంటివారిని తప్పు పట్టలేం. తమకే తిండి చాలని ఇంట్లో గుడ్డు పెట్టని కోడికి రోజూ మేత కొనడం ఎంత కష్టమో వారికే తెలుసు.

కోడిపిల్లలను పంచాలన్న ఆశ మనకొక్కరికే కాదు. 2016లో బిల్ గేట్స్ హైఫర్ ఇంటర్నేషనల్ అనే సంస్థతో కలిసి లక్ష కోడిపిల్లలను దానంగా ఇస్తానని ప్రకటించారు. ఆ జాబితాలో తమ పేరు చూసి బొలీవియా ప్రభుత్వం కోపగించుకుని వద్దంది. కోళ్ల పెంపకంలో మేము బాగా ముందున్నాం, మీరు మా స్థితి తెలుసుకోలేదన్నది ఆ దేశం మాట. ఇవ్వడానికి ముందు అడగడం అవసరమని ఈ సంగతి చెబుతుంది.

దీనికంటే మనకు ఎక్కువ పనికొచ్చే ఉదాహరణ బంగ్లాదేశ్‌ది. అక్కడ బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వ పశుసంవర్ధక శాఖతో కలిసి 1980ల నుంచి పేద మహిళలతో కోళ్లు పెంచించింది. వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, పనిని ముక్కలుగా పంచారు. ఒక రోజు పిల్లలను తెచ్చి రెండు నెలలు పెంచేవారు కొందరు, టీకాలు వేసేవారు కొందరు, మేత అమ్మేవారు కొందరు, పెరిగిన పెట్టలను ఇంటి దగ్గర ఉంచుకుని గుడ్లు తీసుకునేవారు మిగతా అందరూ. పసిపిల్లలను బతికించడం వేరే విద్య అని వారు గుర్తించారు. మన దేశంలో పెరటి కోళ్ల పథకాల్లోనూ 'మదర్ యూనిట్' అనే ఏర్పాటు ఉంది. ఒక రోజు పిల్లలను అక్కడ నాలుగు వారాలు పెంచి, టీకాలు వేసి, ఆ తర్వాతే లబ్ధిదారులకు ఇస్తారు. నా వ్యాసంలోని ముఖ్య విషయం కూడా ఇదే. కోళ్లు ఇవ్వదలచుకుంటే ఆరు వారాలు దాటిన పిల్లలను ఇవ్వండి. అంతకంటే ముందు గూడు ఇవ్వండి.

ఏ కోడి?

ఈ విషయంలో హైదరాబాదువారికి ఒక సౌకర్యం ఉంది. రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలివారి కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. 1988లో మొదలైంది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే పెరటి కోళ్లు అక్కడే రూపుదిద్దుకున్నాయి. పక్కనే ఉన్న పశువైద్య కళాశాల నుంచి రాజశ్రీ వచ్చింది. ఇవి రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే కనిపిస్తాయి, బయట తిరిగి గింజా పురుగూ ఏరుకుంటాయి.

మన నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. వనరాజా పెరట్లో 100 నుంచి 110 వరకు పెడుతుంది, మాంసానికి కూడా బాగా ఒళ్లు చేస్తుంది. గ్రామప్రియ గుడ్ల కోసమే తయారైనది. శ్రద్ధగా మేపితే 180 పైనే ఆశించవచ్చు. ఫారాల్లోని తెల్ల లేయర్ కోడి 300కు పైగా పెడుతుంది కానీ, దానిని పెరట్లో వదిలితే బతకడం కష్టం. గుడ్డే మన లక్ష్యమైతే గ్రామప్రియ మేలని నా అభిప్రాయం.

ఒక మాట మాత్రం ముందే తెలుసుకోవాలి. ఈ మేలు రకాలు సంకర జాతులు. వీటి గుడ్లను పొదిగించి పిల్లలను తీస్తే తల్లిలాంటి పెట్టలు రావు. పైగా వీటికి పొదిగే అలవాటు దాదాపు లేదు. నాటు పెట్టలాగా గంపలో 21 రోజులు కదలకుండా కూర్చోదు. అందుకే రెండేళ్లకొకసారి కొత్త పిల్లలను మళ్లీ కొనాల్సిందే. 'ఒక్కసారి ఇస్తే తరతరాలు' అన్న మాట నాటుకోడికి సరిపోతుంది కానీ వీటికి సరిపోదు.

పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పొదగడానికి మాత్రమే పనికిరాదు. ఇది చెబితే ఎనిమిదో తరగతి పిల్లలే కాదు, వారి తల్లిదండ్రులు కూడా ఆశ్చర్యపోతారు. రాంనగర్, ముషీరాబాద్ వంటి ఇరుకు గల్లీల్లో తెల్లవారుజామున కూసే పుంజు పక్కింటివారితో తగవు తెచ్చిపెడుతుంది. పుంజు లేకపోతే ఆ బాధ ఉండదు.

గూడు

పది పెట్టలకు రాత్రి గూడు ఐదు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఉంటే సరిపోతుంది. అంటే కోడికి ఒకటిన్నర చదరపు అడుగులు. పగలంతా అవి బయట తిరగాలి. తిరగడానికి కనీసం పది అడుగులకు పది అడుగుల మట్టి నేల లేని ఇంటికి పది కోళ్లు ఇవ్వకూడదు. అలాంటి ఇంట్లో నాలుగు చాలు. మన ప్రాంతంలో వాకిలి, జామచెట్టు ఉన్న పాత ఇళ్లు తగ్గిపోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి కాబట్టి, ఈ సాయం ఎక్కువగా నగరం అంచుల్లో, ఊళ్లలో ఉన్న మన బంధువుల ఇళ్లకే సరిపోతుంది. డాబా మీద పెంచవచ్చా అని అడిగేవారున్నారు. నాలుగు కోళ్లయితే పెంచవచ్చు, కానీ మే నెలలో డాబా పెనంలా కాలుతుందని మరచిపోవద్దు.

గూడును నేల మీద నుంచి రెండు అడుగుల ఎత్తులో కాళ్ల మీద నిలబెట్టండి. రెట్ట కిందికి రాలిపోతుంది, ఊడవడం సులువు. హుసేన్ సాగర్ నాలా పక్కన ఉండేవారికి ఈ ఎత్తు ఎందుకో వేరే చెప్పనక్కర లేదు. కాళ్ల కింద షాబాద్ బండ ముక్కలు పెడితే చెక్కకు చెద పట్టడం తగ్గుతుంది. నేల మీదే గూడు కట్టాల్సి వస్తే అడుగంతా షాబాద్ బండలే పరచాలి. లేకుంటే పందికొక్కు ఒక్క రాత్రిలో సొరంగం తవ్వి లోపలికి వస్తుంది.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ వస్తుంది. పడమటి గోడ మూసే ఉండాలి. పొడవు వైపుల్లో ఒకటి మొత్తం జాలీ ఉండాలి. చలికి భయపడి నాలుగు వైపులా రేకులు కొట్టేవారున్నారు. అది పెద్ద పొరపాటు. రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా వాయువు లోపలే నిలిచి కోళ్లకు కళ్లు మండుతాయి, రొప్పు వస్తుంది. వానకు, చలిగాలికి గోనె సంచి పరదా కట్టి, అవసరమైనప్పుడు దించుకుంటే చాలు.

జాలీ విషయంలో డబ్బు మిగుల్చుకోవద్దు. ఆరు మూలల కన్నులుండే పల్చటి కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుంది కానీ శత్రువును బయట ఆపలేదు. పిల్లి పంజా దూరుతుంది, పందికొక్కు కొరికేస్తుంది. అర అంగుళం కన్నుల వెల్డెడ్ జాలీ కొనండి. తలుపుకు కొక్కెం మాత్రమే కాదు, గడియ ఉండాలి. ముంగిస ఉన్న ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. అది ఒక్కసారి లోపల పడితే తినేది ఒకదాన్నే అయినా అన్నింటినీ చంపి పోతుంది.

లోపల కోళ్లు ఎక్కి కూర్చోవడానికి కర్రలు కావాలి. రెండు అంగుళాల మందం, అంచులు నున్నగా ఉండాలి. కోడికి 8 అంగుళాల చొప్పున నాలుగున్నర అడుగుల కర్రలు రెండు చాలు. రెండూ ఒకే ఎత్తులో పెట్టండి, లేకపోతే పై కర్ర కోసం రోజూ కొట్లాటే. గుడ్లు పెట్టడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల పెట్టెలు మూడు, కాస్త చీకటి మూలలో, కర్రల కంటే కింద ఉంచాలి. పెట్టెలు పైన ఉంటే కోళ్లు రాత్రి వాటిలోనే పడుకుని రెట్టతో నింపుతాయి, తెల్లారి పెట్టిన గుడ్డు ఆ మురికిలో పడుతుంది.

ఇంత గూడుకు కొత్త సామాను అక్కర లేదు. పాత తలుపు, వెదురు, రెండు రేకులు, కొత్తగా కొనాల్సిన జాలీ. వడ్రంగికి ఒక రోజు పని.

పసిపిల్లలు

ఒక రోజు పిల్లలను ఎవరో ఒకరు పెంచాలి కాబట్టి ఆ విద్య కూడా చెబుతాను. తల్లికోడి రెక్కల కింద ఉండే వేడిని మనం కల్పించాలి. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోతే ఐదారు వారాలకు ఈకలు వస్తాయి, ఇక వేడి అవసరం ఉండదు. పాతిక పిల్లలకు 60 వాట్ల బల్బు ఒకటి చాలు. అయితే అది పాతకాలపు ఫిలమెంటు బల్బే కావాలి. ఇప్పుడు ఇళ్లలో ఉండే ఎల్ఈడీ బల్బు వెలుతురు ఇస్తుంది కానీ పిల్లలకు చాలినంత వేడి ఇవ్వదు. వెలుగుతున్న బల్బు కిందే పిల్లలు చలికి చచ్చిపోతే జనం తెగులనుకుంటారు.

థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి కుప్పగా చేరి కీచుకీచుమంటే చలి. అంచులకు పోయి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ. అంతటా చెదిరి తింటూ పడుకుంటూ ఉంటే సరిగా ఉంది. బల్బును పైకీ కిందికీ జరుపుకుంటే సరి. కుప్పపడినప్పుడు మూలల్లో ఉన్నవి నలిగి చస్తాయి కాబట్టి పెట్టెకు మూలలు ఉండకూడదు. అడుగున్నర ఎత్తు అట్టను గుండ్రంగా వంచి కంచెలా నిలబెట్టండి. కింద రెండు మూడు అంగుళాల వరి ఊక పరచండి. మొదటి రెండు రోజులు పైన కాగితం వేస్తే పిల్లలు ఊకను తినవు, తర్వాత తీసేయాలి. నున్నటి కాగితం మీద కాళ్లు జారి చీలిపోతాయి. కరెంటు పోతే సీసాల్లో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి. డిసెంబరు, జనవరి రాత్రులు హైదరాబాదులో పసిపిల్లలకు గండమే. ఆ నెలల్లో మొదలుపెట్టకపోవడం మంచిది.

వచ్చీ రాగానే మేత వేయకూడదు. ముందు బెల్లం కలిపిన నీళ్లు. ఒక్కొక్క పిల్ల ముక్కును నీళ్లలో ముంచి చూపిస్తే అలవాటవుతుంది. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేదంటే మునిగి చస్తాయి. రెండు గంటల తర్వాత మెత్తటి నూకలు గానీ జొన్నరవ్వ గానీ, మర్నాటి నుంచి చిక్ స్టార్టర్ మేత. వెనక భాగంలో రెట్ట అంటుకుని ఎండిపోతే గోరువెచ్చని నీళ్లతో తుడవాలి. ఊక తడిస్తే వెంటనే మార్చాలి. తడి ఊకే రక్త విరేచనాలకు పుట్టిల్లు.

టీకాలు

పెరటి కోళ్లను తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. హిమాలయాల్లోని రాణిఖేత్ పేరుతో దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు, బయటి దేశాల్లో న్యూకాజిల్ అంటారు. ఆకుపచ్చ రెట్ట, మెడ మెలితిరగడం, వారంలో గూడు ఖాళీ. మందు లేదు, టీకా ఒక్కటే. ఏడు రోజుల లోపు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, 14వ రోజు గంబోరో, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరో వారంలో కోళ్ల మశూచి టీకా, తొమ్మిది పది వారాలకు ఆర్2బి సూది. మారెక్స్ టీకా హేచరీలోనే మొదటి రోజు వేస్తారు, వేశారో లేదో అడిగి తీసుకోవాలి.

ఇక్కడే చిక్కు ఉంది. ఈ టీకాలు 100, 200, ఆపై మోతాదుల సీసాల్లో వస్తాయి. మంచులో ఉంచి తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇంటామె 100 మోతాదుల సీసా కొంటుందా? కొనదు, వేయించదు. విడివిడిగా పంచిన పిల్లలు టీకా లేక పోతాయి. అదే 150 పిల్లలను ఒకే చోట ఆరు వారాలు పెంచితే ఒక సీసా, ఒక మనిషి, ఒక ఉదయం. ఆరు వారాల పిల్లలను ఇవ్వమని నేను పట్టుబట్టడానికి వెచ్చదనం కంటే ఇదే పెద్ద కారణం. పంచిన ఊళ్లలో ఆర్2బి రోజున అందరూ కోళ్లను గంపల కింద కమ్మి తెచ్చేలా చూస్తే మిగతా పని పూర్తవుతుంది.

ఒకేసారి కోళ్లు ఎక్కువగా చనిపోతే నాలాలో పారేయకుండా పశువైద్యశాలకు తెలపాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి అందరికీ గుర్తే. చచ్చిన కోడిని చేతులతో తాకకుండా లోతుగా పూడ్చాలి, పిల్లలను దగ్గరికి రానీయకూడదు.

మేత, లెక్క

గుడ్లు పెట్టే కోడి రోజుకు 110 గ్రాముల మేత తింటుంది. పది కోళ్లకు నెలకు 33 కిలోలు. కిలో 32 రూపాయలు అనుకుంటే 1056 రూపాయలు. ఏడాదికి 180 గుడ్ల చొప్పున పది కోళ్లు సగటున రోజుకు ఐదు గుడ్లు, నెలకు 150. అంగడిలో తెల్ల గుడ్డు ధర 6 రూపాయలు అనుకుంటే 900. నష్టం! ధరలు మారుతుంటాయి, మీ ఊరి ధర వేసి మీరే మళ్లీ లెక్క కట్టండి, ఫలితం పెద్దగా మారదు. లక్షల కోళ్ల ఫారంతో తెల్ల గుడ్డు ధర దగ్గర పెరటి ఇల్లు పోటీపడలేదు.

మేతలో సగం పెరటి నుంచి, వంటింటి నుంచి వస్తే ఖర్చు 528కి దిగుతుంది. గోధుమరంగు గుడ్డును ఇరుగుపొరుగు 10 రూపాయలకు తీసుకుంటే రాబడి 1500. నెలకు 900 పైన మిగులు. ఇంట్లోనే తింటే మిగులు కనిపించదు, కానీ నలుగురున్న ఇంట్లో మనిషికి రోజూ ఒక గుడ్డు పళ్లెంలోకి వస్తుంది. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మంచి మాంసకృత్తులు ఉంటాయి. అందుకే ఈ సాయానికి 'ఉపాధి' అని పేరు పెట్టకండి. పది కోళ్లతో ఎవరి ఇల్లూ గడవదు. ఇది పిల్లల తిండికి చేసే సాయం. అలా అనుకుని ఇస్తే ఎవరికీ నిరాశ ఉండదు.

ఏది వేయకూడదో కూడా చెప్పాలి. దావత్‌లో మిగిలిన బిర్యానీ కోళ్లకు పెట్టవద్దు. ఉప్పు ఎక్కువైతే కోడి చచ్చిపోతుంది. బూజు పట్టిన రొట్టె, పల్లి చెక్క అసలే వద్దు. రాంనగర్ చేపల మార్కెట్‌లో దొరికే చేపల వ్యర్థాలు ఉడికించి కొద్దిగా వేస్తే మాంసకృత్తులు అందుతాయి కానీ, ఎక్కువైతే గుడ్డు నీచు వాసన కొడుతుంది. ఆకుకూరల కాడలు, క్యాబేజీ పై ఆకులు, నూకలు, జొన్నలు, తవుడు మంచివి. గుడ్డు పెంకుకు సున్నం కావాలి. ఆల్చిప్పల పొడి గానీ, కాల్చి నలిపిన గుడ్డు పెంకులు గానీ వేరే గిన్నెలో ఉంచితే కోడి తనకు కావలసినంత తింటుంది. గుడ్డుకు రాని పిల్లలకు మాత్రం లేయర్ మేత పెట్టవద్దు, ఆ సున్నం వాటి మూత్రపిండాలను చెడగొడుతుంది.

కోడికి చెమట పట్టదు. ఎండాకాలంలో నోరు తెరిచి రొప్పడమే దానికి చల్లబడే మార్గం. 40 డిగ్రీలు దాటిన రోజున నీళ్లు ఒక్క పూట లేకపోయినా ప్రాణం పోతుంది. రేకుల మీద తాటాకు గానీ గడ్డి గానీ కప్పి, సున్నం కొట్టి, గోనె సంచులను తడిపి వేలాడదీయండి. మట్టి పాత్రలో నీళ్లు నీడలో పెట్టి రెండుసార్లు మార్చండి. ఆ నెలల్లో గుడ్లు తగ్గడం సహజం, కోడిని తిట్టి ప్రయోజనం లేదు. చలికాలంలో పొద్దు తగ్గినప్పుడూ తగ్గుతాయి, ఎందుకంటే 14 గంటలకు పైగా వెలుతురు ఉంటేనే కోడి బాగా పెడుతుంది.

గుడ్లను రోజూ రెండుసార్లు ఏరండి. కడగవద్దు. పెంకు మీద సహజంగా ఉండే సన్నని పొర కడిగితే పోయి క్రిములు లోపలికి దూరుతాయి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. గుడ్లు ఏరిన చేతులను మాత్రం సబ్బుతో కడగాలి. రెండో ఏడు గుడ్లు తగ్గుతాయి, ఆ తర్వాత కోడిని జిబహ్ చేసి వండుకోవడమే. మురుగు కాలువల దగ్గర తిరిగిన కోడినైతే మూడు రోజులు కట్టి ఉంచి శుభ్రమైన మేత పెట్టాకే కోయాలని మన పెద్దలు చెప్పే మాట ఆరోగ్యరీత్యా కూడా సరైనదే.

దాతలు ఏమివ్వాలి?

ఒక ఇంటికి కావలసినవి ఇవి: వెల్డెడ్ జాలీ గూడు, టీకాలు పడిన ఆరు వారాల పెట్టలు పది, తొలి గుడ్డు వచ్చేదాకా మేత. ఆరో వారం నుంచి 20వ వారం దాకా ఒక్కొక్క పెట్ట సుమారు ఆరు కిలోలు తింటుంది. అంటే పదింటికి 60 కిలోలు. దీనిలో సగమైనా దాత ఇస్తే కోళ్లు మూడో నెలలో కూర కావు. ఈ 60 కిలోలను ఒకేసారి ఇవ్వవద్దు, ఎలుకల పాలవుతుంది, అమ్ముకునే అవసరమూ పడుతుంది. నెలనెలా ఇవ్వండి. మేత ఇవ్వడానికి వెళ్లినప్పుడే కోళ్లను లెక్కపెట్టవచ్చు, నీళ్ల పాత్ర చూడవచ్చు.

ఎవరికివ్వాలన్నది చూడడానికి ఇంటామెను ఒకే ప్రశ్న అడుగుతాను: "ఆపా, పొద్దుగూకాక గూడు తలుపు వేసేదెవరు?" వెంటనే ఒక పేరు చెప్పే ఇంటికి ఇవ్వవచ్చు. "ఎవరో ఒకరు వేస్తారు" అనే ఇంటికి ఈ ఏడాది బియ్యమో దుప్పట్లో ఇచ్చి, గూడు సంగతి వచ్చే ఏడాది చూద్దాం. గూడు కట్టిన వారం తర్వాత ఒక రాత్రి వెళ్లి, గడియ పనిచేస్తోందా, జాలీ అంచుల్లో వేలు పట్టే సందు ఉందా అని టార్చి వేసి చూడండి. సందు లేకపోతే మర్నాడు పెట్టలను తీసుకెళ్లవచ్చు.